బ్లాక్‌మోర్ లేని డీప్ పర్పుల్‌ను డీప్ పర్పుల్ అనవచ్చా?

పాత టేపు

నిన్న మరో చర్చలో ఒకరు ఇలా రాశారు: "1993 నవంబరులో రిచీ బ్లాక్‌మోర్ వెళ్లిపోవడంతోనే డీప్ పర్పుల్ అయిపోయింది. తర్వాత జరిగిందంతా పేరు అమ్ముకోవడమే." బ్లాక్‌మోర్ ఈ బ్రిటిష్ హార్డ్ రాక్ బృందపు తొలి గిటారిస్టు. అయినా ఆ మాట నాకు మింగుడు పడలేదు. అక్కడ జవాబిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ వేరుగా మొదలుపెడుతున్నాను.

మనుషులు మారడం ఈ బృందానికి మధ్యలో పట్టిన జబ్బు కాదు. అది పుట్టుకతో వచ్చిన గుణం. 1967లో ఇంగ్లండులో దీనికి బీజం వేసింది సెర్చర్స్ బృందంలో డ్రమ్స్ వాయించిన క్రిస్ కర్టిస్. ఆయన పెట్టిన పేరు రౌండబౌట్, అంటే రంగులరాట్నం. వాయించేవాళ్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారు, రాట్నం మాత్రం తిరుగుతూనే ఉంటుందన్నది ఆయన ఊహ. కొద్ది రోజులకే ఆయన తప్పుకున్నారు. ఆర్గాన్ మీద జాన్ లార్డ్, గిటారు మీద బ్లాక్‌మోర్ మిగిలారు. 1968లో డ్రమ్స్‌కు ఇయాన్ పెయిస్, బేస్‌కు నిక్ సింపర్, గొంతుకు రాడ్ ఇవాన్స్ వచ్చి చేరారు. అదే అభిమానులు మార్క్ 1 అని పిలిచే కూర్పు. వాళ్ల 'హష్' పాట అమెరికాలో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఏడాది తిరిగేసరికి ఇవాన్స్, సింపర్ లేరు. గొంతుకు ఇయాన్ గిలన్, బేస్‌కు రోజర్ గ్లోవర్ వచ్చారు. ఈరోజు మనం "అసలైన పర్పుల్" అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పే మార్క్ 2, నిజానికి మొదటి మార్పు తర్వాత వచ్చిన కూర్పు!

ఇంకో లెక్క చూడండి. బ్లాక్‌మోర్ 1968 నుంచి 1975 దాకా, మళ్లీ 1984 నుంచి 1993 దాకా ఉన్నారు. రెండూ కలిపితే సుమారు పదహారేళ్లు. ఆయన తర్వాత గిటారు పట్టిన స్టీవ్ మోర్స్ 1994 నుంచి 2022 దాకా ఉన్నారు. అంటే ఇరవై ఎనిమిదేళ్లు. అంతకాలం ఒక ఇంట్లో ఉన్న మనిషిని అద్దెకు వచ్చినవాడు అనగలమా?

నా దృష్టిలో పర్పుల్ అంటే ఒక మనిషి కాదు, గిటారుకూ ఆర్గాన్‌కూ మధ్య నడిచే వాదప్రతివాదం. లార్డ్ తన హామండ్ ఆర్గాన్‌ను గిటారు వాళ్లు వాడే మార్షల్ యాంప్లిఫయర్ల గుండా వినిపించేవారు. చర్చిలో మెత్తగా పలికే వాద్యం ఆయన చేతిలో గర్జించేది. ఆ వాదం నడిచినంత కాలం పేరు ఎక్కడికీ పోలేదు.

ఆరు తీగలు

పాత టేపు గారూ, మీ లెక్క సరైనదే. కానీ సంగీతాన్ని ఏళ్లతో కొలవలేం. వాదప్రతివాదం అన్నారు, బాగుంది. అయితే మొదటి మాట ఎవరిది?

1971 డిసెంబరు సంగతి అందరికీ తెలిసిందే. స్విట్జర్లాండులోని మాంట్రోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఎవరో మంట తుపాకీ పేల్చారు, కేసినో కాలిపోయింది. పర్పుల్ వాళ్లు రికార్డింగ్‌కు అనుకున్నది ఆ కేసినోలోనే. తర్వాత పెవిలియన్ అనే హాలుకు మారారు. 'స్మోక్ ఆన్ ది వాటర్' వాద్యభాగం అక్కడ రికార్డవుతుండగా, ఆ మోతకు ఊరివాళ్లు ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. పాట పూర్తయ్యేదాకా సహాయకులు తలుపు తెరవకుండా అడ్డం నిలబడ్డారు. మిగతా ఆల్బమ్ చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో పూర్తయింది.

ఇప్పుడు ఆ పాట మొదట్లో వచ్చే నాలుగు ముక్కల ఎత్తుగడ సంగతి. గిటారు పట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునేది అదే, దాదాపు ప్రతివాడూ తప్పుగా వాయించేదీ అదే. నేనూ ఏళ్ల తరబడి ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే చిన్న బిళ్లతో) కిందికి గీకుతూ వాయించాను. బ్లాక్‌మోర్ అలా చేయరు. రెండు తీగలను వేళ్లతో ఒకేసారి లాగి వదులుతారు. అప్పుడు రెండు స్వరాలూ ఒక్క క్షణంలో పుడతాయి, అంచు పదునుగా వస్తుంది. ఈ తేడా చెవికి తెలిసిన రోజున నేను చాలాసేపు గిటారు ముట్టుకోకుండా కూర్చున్నాను. ఆ వేళ్లు లేని పర్పుల్‌ను ఎలా ఒప్పుకోను?

మోర్స్ చిన్నవాడని నేను అనను. ఆయన పాత బృందం డిక్సీ డ్రెగ్స్ రోజుల నుంచీ ఆయన చేతివాటం నాకు తెలుసు. కానీ ఆయన నేల వేరు. చరిత్ర కూడా నా వైపే ఉంది. 1975 ఏప్రిల్‌లో పారిస్ కచేరీ తర్వాత బ్లాక్‌మోర్ వెళ్లిపోయారు. 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో బృందమే మూతపడింది. ఆయన లేకుండా ఏడాది కూడా నిలవలేదు.

తాళం

ఆరు తీగలు గారూ, ఆ చివరి మాటకు నేను ఒప్పుకోను. ఆ ఏడాది ఏం జరిగిందో పూర్తిగా చెప్పాలి.

బ్లాక్‌మోర్ స్థానంలో వచ్చిన టామీ బోలిన్ సామాన్యుడు కాదు. జాజ్ డ్రమ్మర్ బిల్లీ కోబమ్ 'స్పెక్ట్రమ్' ఆల్బమ్‌లో ఆయన గిటారు విన్నవాళ్లకు తెలుసు. 1975లో ఆయనతో వచ్చిన 'కమ్ టేస్ట్ ది బ్యాండ్' బలహీనమైన ఆల్బమ్ అని ఎవరైనా అంటే నేను పాట పాటకూ వాదిస్తాను. పడగొట్టింది మత్తుమందులు. ఆ డిసెంబరులో జకార్తాలో బృందం సహాయకుడు ప్యాట్సీ కాలిన్స్ లిఫ్టు గోతిలో పడి చనిపోయారు. తర్వాత జపాన్‌లో బోలిన్ ఎడమచెయ్యి సరిగా పని చేయని స్థితిలో వేదిక ఎక్కారు. మరుసటి ఏడాది డిసెంబరు 4న ఆయన కూడా పోయారు. వయసు ఇరవై అయిదు. దాన్ని "బ్లాక్‌మోర్ లేకపోతే నిలవలేదు" అన్న ఒక్క వాక్యంలో కుదించడం ఆ అబ్బాయికి అన్యాయం.

మీరిద్దరూ గిటారు, ఆర్గాన్ అంటూ ముందు వరుసలోనే ఆగిపోతున్నారు. అన్ని కూర్పుల్లోనూ ఉన్న మనిషి ఒక్కరే, ఇయాన్ పెయిస్. నేను డ్రమ్స్ నేర్చుకునేటప్పుడు మా గురువుగారు 1972 నాటి 'మేడ్ ఇన్ జపాన్' పెట్టి, "గిటారు మరిచిపో, గొంతు మరిచిపో, కుండలో నీళ్లు ఊగుతున్నట్టు వెనకాల ఏదో ఊగుతోంది, అది పట్టుకో" అన్నారు. నాకు వారం పట్టింది. పెయిస్ ఎడమచేతి వాటం మనిషి. జాజ్ వాద్యకారులను విని పెరిగినవారు. హార్డ్ రాక్‌లో చాలామంది సుత్తితో మేకు కొట్టినట్టు కొడతారు. ఆయన దెబ్బల మధ్య గాలి ఆడుతుంది. కవర్డేల్ పాడినా గిలన్ పాడినా, పక్కన బ్లాక్‌మోర్ ఉన్నా మోర్స్ ఉన్నా ఆ ఊపు ఒక్కటే. పర్పుల్‌ను నేను గుర్తుపట్టేది దానితో.

మార్క్ 3 వీరాభిమాని

ఇంత చర్చలో డేవిడ్ కవర్డేల్ పేరు ఒక్కసారి వచ్చింది, గ్లెన్ హ్యూస్ పేరే రాలేదు. నాకు బాధ కలిగింది, అందుకే రాస్తున్నాను.

1973 జూన్‌లో ఒసాకాలో గిలన్ చివరిసారి పాడి వెళ్లిపోయారు, గ్లోవర్ కూడా తప్పుకున్నారు. వాళ్ల చోట ఈ ఇద్దరు చేరిన కూర్పే మార్క్ 3. అప్పుడు వచ్చిన కవర్డేల్ ఉత్తర ఇంగ్లండులో బట్టల దుకాణంలో పనిచేస్తున్న యువకుడు, లోకానికి తెలియని గొంతు. ట్రపీజ్ అనే బృందం నుంచి వచ్చిన హ్యూస్ బేస్ వాయిస్తూ పై స్థాయిలో పాడేవారు. 1974 ఫిబ్రవరిలో 'బర్న్' ఆల్బమ్ వచ్చింది, ఏప్రిల్ 6న కాలిఫోర్నియా జామ్ అనే రాక్ ఉత్సవంలో లక్షలమంది ముందు వాయించారు. చేరి ఏడాది కూడా కాని ఇద్దరితో! ఒక కింది గొంతు, ఒక పై గొంతు కలిసి పాడటం ఈ బృందంలో అంతకుముందు లేదు.

మరి ఆ పాటలు ఇప్పుడు ఎక్కడ? ఇవాన్స్ కాలపు 'హష్'ను గిలన్ హాయిగా పాడతారు. 1988లో మళ్లీ రికార్డు కూడా చేశారు. 'బర్న్' మాత్రం ఆయన ఉన్న వేదిక మీద వినపడదు. 1989లో చేరిన జో లిన్ టర్నర్ గాయకుడిగా ఉన్నప్పుడు, ఆ పర్యటనలో వినపడింది, అంతే. పేరు మాత్రం అందరిదీ, పాటలు కొందరివే అంటే నేను ఒప్పుకోలేను. వారసత్వం కావాలనుకునేవాళ్లు మొత్తం తీసుకోవాలి.

పాత టేపు

మీ బాధ న్యాయమైనది. నా మొదటి లెక్కలో మార్క్ 3ను నేను దాటేసిన మాట నిజమే.

కాగితం కలం

చర్చకు ఉపయోగపడే ఒక పాత కేసు చెబుతాను. 1980లో, అసలు బృందం లేని రోజుల్లో, అమెరికాలోనూ మెక్సికోలోనూ డీప్ పర్పుల్ పేరుతో ఒక బృందం కచేరీలు చేసింది. గాయకుడు సాక్షాత్తూ రాడ్ ఇవాన్స్. మిగతా వాళ్లలో ఒక్కరూ పర్పుల్‌లో ఎప్పుడూ లేరు. జనం డబ్బు పెట్టి వచ్చి మోసపోయామని తెలుసుకున్నారు. ఆగస్టులో లాంగ్ బీచ్ కచేరీకి ముందు, అసలు బృందం తరఫువాళ్లు బ్లాక్‌మోర్, లార్డ్ తదితరులు ఇందులో ఉండరని పత్రికలో ప్రకటన వేయించాల్సి వచ్చింది. వ్యవహారం కోర్టుకు వెళ్లింది. 6,72,000 డాలర్ల పరిహారం కట్టాలని తీర్పు వచ్చింది. మొదటి మూడు ఆల్బమ్‌ల మీద రావలసిన రాయల్టీ కూడా ఇవాన్స్ పోగొట్టుకున్నారు.

ఆయన వ్యవస్థాపక సభ్యుడు. 'హష్' అమెరికా అంతటా మోగింది ఆయన గొంతులో. అయినా ఆ వేదిక మీద ఉన్నది పర్పుల్ కాదని టికెట్టు కొన్న మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆరు తీగలు

కాగితం కలం గారికి కృతజ్ఞతలు. ఇది నా వాదానికే బలం. పాత మనిషి ఒకరు ఉంటే చాలదని ఆ కేసే చెబుతోంది కదా. అలాంటప్పుడు తాళం గారు "పెయిస్ ఉన్నారు కాబట్టి పర్పుల్" అనడం ఎలా నిలుస్తుంది?

తాళం

నిలుస్తుంది. ఇవాన్స్ పదకొండేళ్ల కిందట వదిలిన ఇంటికి, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా, కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి తాళం పగలగొట్టారు. పెయిస్ ఆ ఇల్లు వదల్లేదు. 1976లో మూతపడినప్పుడు అందరితోపాటు బయటికి వచ్చారు, 1984లో బృందం మళ్లీ కలిసినప్పుడు అందరితోపాటు లోపలికి వెళ్లారు. ఒక్కొక్కరు మారిన ప్రతిసారీ మిగిలిన నలుగురు కొత్తవాడికి పాత పాటల నడక నేర్పారు. 1993లో బ్లాక్‌మోర్ పర్యటన మధ్యలో వెళ్లిపోతే, జపాన్ కచేరీలు ఆగిపోకుండా గిటారిస్టు జో సాట్రియాని వచ్చి నిలబడ్డారు. మిగతా నలుగురూ అక్కడే ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. గొలుసు తెగలేదు. నా మాట అంతే.

అయితే ఒక విషయం నన్ను కూడా ఇబ్బంది పెడుతుంది. 1969లో గిలన్, గ్లోవర్‌లను తెచ్చిన పద్ధతి. పగలు లండన్‌లోని హాన్‌వెల్‌లో కొత్తవాళ్లతో సాధన, రాత్రి ఇవాన్స్, సింపర్‌లతో కచేరీ. ఆ ఇద్దరికీ ఏమీ తెలియదు. నేను అంతగా అభిమానించే పెయిస్ కూడా అందులో ఉన్నారు. 2016లో రాక్ సంగీతకారులను గౌరవించే అమెరికా సంస్థ రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇవాన్స్‌తో సహా ఎనిమిది మందికి చోటిచ్చారు. సింపర్‌కు ఇవ్వలేదు. తొలి మూడు ఆల్బమ్‌లలో బేస్ వాయించిన మనిషికి! అప్పటికి ఇరవై రెండేళ్లుగా ఉన్న మోర్స్‌కూ లేదు, బోలిన్‌కూ లేదు, లార్డ్ తర్వాత ఆర్గాన్ చేపట్టిన డాన్ ఎయిరీకీ లేదు. పేరు ఎవరిదని మనం ఇక్కడ తర్కించుకుంటున్నాం కానీ, ఆ జాబితా చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

పాత టేపు

తాళం గారూ, గొలుసు అన్న మాట నాకు నచ్చింది. దానితో నా వాదంలో ఒక చిల్లు కూడా కనపడింది. గిటారు, ఆర్గాన్ వాదమే పర్పుల్ అన్నాను. అలాగైతే బ్లాక్‌మోర్ వెళ్లిన 1993 కన్నా లార్డ్ తప్పుకున్న 2002లో గొలుసు ఎక్కువగా తెగి ఉండాలి. నాకు అలా అనిపించలేదు. ఎందుకంటే లార్డ్ మోకాలి గాయంతో ఆగినప్పుడు వాయించిన డాన్ ఎయిరీయే తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. లార్డ్ చూస్తుండగానే, ఆయన ఇష్టంతోనే. 2012 జూలైలో లార్డ్ కన్నుమూశారు. మరుసటి ఏడాది వచ్చిన ఆల్బమ్‌ను వాళ్లు ఆయనకే అంకితం చేశారు. 2022లో భార్య అనారోగ్యం వల్ల మోర్స్ తప్పుకుంటే గిటారుకు సైమన్ మెక్‌బ్రైడ్ వచ్చారు, 2024లో కొత్త ఆల్బమ్ కూడా వచ్చింది. కాబట్టి నా మాట సవరించుకుంటున్నాను. ఆ వాదం కన్నా, దాన్ని ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి ఎలా ఇచ్చారన్నదే ముఖ్యం.

ఆరు తీగలు గారూ, ఒక్క కోరిక. మోర్స్‌తో వచ్చిన మొదటి ఆల్బమ్, 1996 నాటి 'పర్పెండిక్యులర్', ఎప్పుడైనా మొదటి నుంచి చివరిదాకా విన్నారా? నిజం చెప్పండి.

ఆరు తీగలు

నిజమే చెబుతాను, వినలేదు. 1996లో కొన్నాను, రెండు పాటల తర్వాత పక్కన పెట్టాను.

నిన్న రాత్రి మొత్తం విన్నాను. 'సమ్‌టైమ్స్ ఐ ఫీల్ లైక్ స్క్రీమింగ్' మూడుసార్లు విన్నాను. మొదట మోర్స్ ఒక్కో స్వరాన్నీ నెమ్మదిగా మీటుతారు. బ్లాక్‌మోర్ అయితే అలా ఎత్తుకోరు. ఆ మెత్తదనం ఆయన దారి కాదు. గిలన్ గొంతు 'చైల్డ్ ఇన్ టైమ్' నాటి ఎత్తులకు వెళ్లలేదు. వెళ్లకపోవడమే ఆ పాటకు నప్పింది. తాళం గారు చెప్పినట్టు నాలుగోసారి గిటారు మరిచిపోయి వెనకాల ఊపు ఒక్కటే వినడానికి ప్రయత్నించాను. పట్టుబడింది.

మంచి ఆల్బమ్. 1993 గురించి నా అభిప్రాయం మారలేదు. కానీ "పేరు అమ్ముకోవడం" అన్న ఆ మొదటి మాట, పాత టేపు గారూ, మరో చర్చలో రాసింది నేనే. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.