అప్‌డేట్: ఎల్‌ఈడీ లైట్‌లో రెసిస్టర్ మాడిపోవడం ఆగింది

12 వోల్టుల అడాప్టర్‌కి మూడు 1 వాట్ ఎల్‌ఈడీలు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే, కరెంట్‌ని అదుపులో ఉంచడానికి పెట్టిన రెసిస్టర్ మాడిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. ఎల్‌ఈడీలు 9.6 వోల్టులు పోను మిగిలిన 2.4 వోల్టులు రెసిస్టర్ మీదే పడుతున్నాయి, 350 మిల్లీఆంపియర్ల దగ్గర అది 0.84 వాట్లు, నేను పెట్టిందేమో పావు వాట్ మాత్రమే తట్టుకునేది!

2 వాట్లది వేస్తే మాడలేదు కానీ పది నిమిషాల్లో మీటర్ 390 మిల్లీఆంపియర్లు చూపించింది. ఎల్‌ఈడీ వేడెక్కేకొద్దీ దాని వోల్టేజ్ తగ్గి కరెంట్ పెరుగుతుందట, అసలు సమస్య అదే.

ఇప్పుడు 350 మిల్లీఆంపియర్ల కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ (కరెంట్‌ని ఒకే స్థాయిలో ఉంచే సర్క్యూట్) పెట్టి, ఎల్‌ఈడీలకి వేడిని బాగా అందించే థర్మల్ పేస్ట్ రాసి, వేడిని బయటికి వదిలే అల్యూమినియం హీట్ సింక్‌కి బిగించాను. అడాప్టర్ వైపు 500 మిల్లీఆంపియర్ల ఫ్యూజ్ కూడా ఉంది, అయితే అది షార్ట్ అయితే వైర్లని కాపాడడానికే, ఎల్‌ఈడీని కాపాడేది డ్రైవరే. రెండు గంటలు వెలిగించాక కూడా హీట్ సింక్ మీద చెయ్యి ఆనించి ఉంచగలిగాను. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.