అబుదాబిలో అమ్మకి బాడీ స్కానర్: ఇవి టెరాహెర్ట్జ్ మిషన్లేనా, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లకి ఇబ్బందా?

చికాగో_చిన్నోడు అడిగింది:

అందరికీ నమస్కారం. మా అమ్మ వచ్చే నెల హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా చికాగో వస్తోంది, మా ఆవిడకి ఏడో నెల, అందుకే రమ్మన్నాం. అబుదాబిలోనే అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ చెకింగ్ అయిపోతుంది కదా, ప్రీక్లియరెన్స్ అని. అమ్మకి 67 ఏళ్లు, రెండు మోకాళ్లూ మార్పించాం, చీర తప్ప కట్టదు, మంగళసూత్రం తియ్యమంటే అస్సలు ఒప్పుకోదు.

ఇప్పుడు ఏమైందంటే మా పిన్ని వాట్సాప్‌లో ఒకటి పంపింది, బోర్డర్లలో కొత్తగా టెరాహెర్ట్జ్ స్కానర్లు పెట్టారు, బట్టలు లేనట్టు కనిపిస్తారు, ఆ కిరణాలు ఒంట్లోకి పోయి కాన్సర్ వస్తుంది అని. అమ్మ నిన్నటి నుంచి ఒకటే మాట, "నేను రానురా, ఆ మిషన్లో నిలబడను" అని. నాకు సైన్స్ అంతగా తెలీదు, ఏం చెప్పాలో అర్థం కావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

తరంగం_77:

నేను ఆర్ఎఫ్, అంటే రేడియో తరంగాల ఫీల్డ్‌లో పనిచేస్తా, నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒకటి, ఎయిర్‌పోర్టుల్లో చేతులు పైకెత్తి నిలబడే ఆ గాజు గది టెరాహెర్ట్జ్ కాదు. దాన్ని మిల్లీమీటర్ వేవ్ అంటారు, అమెరికాలో ఎక్కువగా కనిపించే రకం 24 నుంచి 30 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే తరంగం సెకనుకి వంద కోట్ల సార్లు ఊగడం) దగ్గర పనిచేస్తుంది, యూరప్‌లో కొన్నిచోట్ల 70-80 గిగాహెర్ట్జ్ వి ఉంటాయి. టెరాహెర్ట్జ్ అంటే మామూలుగా 100 గిగాహెర్ట్జ్ పైన, అంటే 0.1 నుంచి 10 టెరాహెర్ట్జ్ దాకా. ఒకపక్క మన ఫోన్ సిగ్నల్, ఇంకోపక్క టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్, ఆ రెండిటి మధ్య ఉండే చోటు.

కాన్సర్ సంగతికొస్తే, ఒంట్లో అణువుని విరగ్గొట్టాలంటే ఒక్కో ఫోటాన్‌కి, అంటే ఆ కిరణంలోని ఒక్కో శక్తి ముక్కకి, కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులైనా (అంత చిన్న శక్తిని కొలిచే లెక్క) ఉండాలి. 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్‌కి ఉండేది 0.004 ఎలక్ట్రాన్ వోల్టు. ఎక్స్‌రేకి వేలల్లో ఉంటుంది. అందుకే ఎక్స్‌రేనీ దీన్నీ ఒకే గాటన కట్టకూడదు. పైగా మన చర్మంలో నీళ్లుంటాయి కదా, నీళ్లు ఈ తరంగాల్ని మింగేస్తాయి, చర్మంలో మిల్లీమీటర్ లోపే ఆగిపోతాయి. గుండె, కడుపు దాకా పోవడమనేదే లేదు.

ఇక నిజంగా బోర్డర్ల దగ్గర వాడే టెరాహెర్ట్జ్ కెమెరాలు ఉన్నాయి, మీ పిన్నిగారు విన్నది పూర్తిగా గాలివార్త కాదు. బ్రిటన్ కంపెనీ త్రూవిజన్ వి హాంగ్‌కాంగ్ కస్టమ్స్ వాడుతోంది, అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ కూడా కొంది. ఇవి 0.25 టెరాహెర్ట్జ్ దగ్గర చూస్తాయి. అసలు విషయం ఏంటంటే అవి మన మీదకి ఏమీ పంపవు! మన ఒంటి వేడి నుంచి సహజంగా వచ్చే తరంగాల్ని పట్టుకుంటాయి అంతే. ఆకాశంలో నక్షత్రాల్ని, మబ్బుల్లాంటి వాయువుల్ని చూడ్డానికి తయారైన రిసీవర్ల నుంచి పుట్టిన టెక్నాలజీ ఇది, 2002లో ఇంగ్లండ్‌లో రూథర్‌ఫర్డ్ ఆపిల్టన్ లాబ్‌లో యూరప్ స్పేస్ ఏజెన్సీ ప్రాజెక్టులో మనిషి చేతి బొమ్మ తీశారు. నడుముకి ఏదైనా కట్టుకుంటే అది వెనకున్న ఒంటి వెలుగుని ఆపేస్తుంది, తెరమీద అక్కడ నల్లటి ముక్కలా కనిపిస్తుంది. కెమెరా పెట్టకపోయినా ఆ తరంగాలు అమ్మగారి ఒంట్లోంచి పుట్టినప్పటి నుంచీ వస్తూనే ఉన్నాయి, ఈ మాట ఆవిడకి చెప్పండి.

చికాగో_చిన్నోడు:

చాలా థాంక్స్ అండి, ఈ ముక్క ఇవాళే ఫోన్లో చెప్తాను. మరి బట్టలు లేనట్టు కనిపిస్తారన్నది? అమ్మకి కాన్సర్ కన్నా దాని భయమే ఎక్కువ.

తరంగం_77:

0.25 టెరాహెర్ట్జ్ తరంగం పొడవు 1.2 మిల్లీమీటర్లు, ఆవగింజంత. అంత పెద్ద తరంగంతో, 30 సెంటీమీటర్ల అద్దం పెట్టుకుని 5 మీటర్ల దూరం నుంచి చూస్తే, రెండు సెంటీమీటర్లకన్నా చిన్నది విడిగా తెలియదు. ముఖం కూడా పోల్చలేం. పొగమంచులో మనిషి ఆకారంలా ఉంటుంది.

అత్తారింటి_లక్ష్మి:

ఆ భయం ఊరికే పుట్టలేదు అన్నయ్యా, దానికో కథ ఉంది. 2009 క్రిస్మస్ రోజు ఆమ్‌స్టర్‌డాం నుంచి డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒకడు లోదుస్తుల్లో పీఈటీఎన్ అనే పేలుడు పదార్థం దాచుకుని ఎక్కాడు, అది సరిగా పేలలేదు కాబట్టి అందరూ బతికారు. మెటల్ డిటెక్టర్‌కి అది దొరకదు. ఆ తర్వాతే స్కానర్లు హడావుడిగా పెట్టారు, అందులో ఒక రకం నిజంగానే తక్కువ మోతాదు ఎక్స్‌రేతో పనిచేసేది, దాంట్లో ఒంటి ఆకారం చాలా వివరంగా కనిపించేది, ఇంకో గదిలో ఆఫీసర్ కూర్చుని చూసేవాడు. జనం గొడవ చేశారు, చెయ్యాల్సిందే కూడా. 2011లో యూరప్ యూనియన్ ఆ ఎక్స్‌రే రకాన్ని ఒప్పుకోలేదు, 2013లో అమెరికా ఎయిర్‌పోర్టుల నుంచి కూడా తీసేశారు. ఇప్పుడు కనిపించేది అందరికీ ఒకే బొమ్మ, పిల్లల పుస్తకంలో గీసినట్టు, ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ పసుప్పచ్చ డబ్బా. పిన్నిగారి మెసేజ్ ఆ పాత రోజులది అయ్యుంటుంది.

జగిత్యాల_నుంచి_దుబాయ్:

అన్నా నేను పద్నాలుగేండ్ల సంది గల్ఫ్‌ల ఉన్న, ఏడాదికి ఒకసారి ఇంటికి పోతా వస్తా. చెప్పేది ఏందంటే మిషన్‌కన్నా మనుషులతోనే కష్టమైతది. ఒకసారి మా అమ్మను ఒక ఎయిర్‌పోర్టుల పక్కకు తీసుకపోయి అరగంట నిలబెట్టిన్రు, ఏందంటే చీర కుచ్చిళ్ల దగ్గర డబ్బా చూపెట్టిందట. ఎండల వచ్చి చెమటతోటి చీర తడిసిపోయింది, ఈ మిషన్లకు తడి బట్ట అడ్డమైతదని నాకు అప్పుడు తెల్వది. ఆమెకు భాష రాదు, అక్కడెవ్వరు చెప్పేటోళ్లు లేరు, ఏడ్చింది పాపం. నాకు ఇప్పటికీ మనసుల నుంచి పోదు. అందుకే మీ అమ్మకు ఇంగ్లీషుల ఒక చీటీ రాసియ్యి, మోకాళ్లల్ల ఇనుము ఉన్నదని, ఆడ ఆఫీసర్ కావాలని, వేరే రూముల చెక్ చెయ్యుమని.

ఇంకొకటి, ఈ మిషన్లకు కడుపుల దాచింది కనపడదు. బంగారం పేస్టు చేసి లోపల పెట్టుకొని వచ్చి శంషాబాద్‌ల దొరికినోళ్ల వార్తలు చూస్తనే ఉంటం కదా, వాళ్లను పట్టిచ్చేది ఈ మిషన్ కాదు. ఆ మనిషి తనంతట తనే ఒప్పుకోకపోతే, ఎక్స్‌రే తియ్యాలంటే మన కస్టమ్స్ చట్టం 103 సెక్షన్ల మేజిస్ట్రేట్ ఆర్డర్ గావాలె.

కెమిస్ట్రీ_కుర్రాడు:

ఒక చిన్న డౌట్, టెరాహెర్ట్జ్‌తో అది ఏ పదార్థమో కూడా చెప్పెయ్యొచ్చు అని చదివాను, ఆర్డీఎక్స్ అనే పేలుడు పదార్థానికి 0.8 టెరాహెర్ట్జ్ దగ్గర గుర్తు ఉంటుందని. అలాంటప్పుడు పంజాబ్‌లో పాకిస్తాన్ బోర్డర్ దగ్గరున్న అట్టారి లాంటి చోట పెడితే డ్రగ్స్ ఆగిపోతాయి కదా?

తరంగం_77:

లాబ్‌లో నిజమే, పొడి గాలిలో చిన్న బిళ్ల పెట్టి చూస్తే ఆ గుర్తు చక్కగా కనిపిస్తుంది. కానీ నాలుగు మీటర్ల అవతల మనిషి నిలబడి, మధ్యలో మామూలు గాలి, పైన జీన్సు, లోపల బనియన్ ఉంటే గాలిలో తేమే చాలా భాగం మింగేస్తుంది, గుడ్డ మరికొంత చెదరగొడుతుంది. అందుకే చెక్‌పోస్టుల్లో వాడే కెమెరాలు "ఇక్కడేదో ఉంది" అని చెప్తాయి తప్ప అది ఏంటో చెప్పవు. పర్సైనా నల్లగానే, హెరాయిన్ పొట్లమైనా నల్లగానే. ఈ తేడా తెలియకుండా మిషన్లు కొంటే తర్వాత బాధపడేది క్యూలో నిలబడ్డ మనుషులే.

అట్టారిలో 2019 జూన్‌లో 532 కిలోల హెరాయిన్ దొరికింది, ఉప్పు బస్తాల లోడులో. లారీ లోడులోకి చూడాలంటే బలమైన ఎక్స్‌రేలాంటిదే కావాలి, టెరాహెర్ట్జ్ ఉప్పు బస్తా దాటి వెళ్లదు. ఇంకో సంగతి, పాసివ్ కెమెరాకి, అంటే నేను పైన చెప్పిన ఏమీ పంపని రకానికి, ఒంటికీ చుట్టుపక్కలకీ వేడిలో తేడా ఉండాలి. ఎండాకాలం అక్కడ షెడ్డులో 40 డిగ్రీలుంటే ఆ తేడా పోయి బొమ్మ మసకబారుతుంది, ఏసీ హాలు కట్టాల్సిందే.

చికాగో_చిన్నోడు:

జగిత్యాల అన్నా, మీ అమ్మగారి సంగతి చదివి బాధేసింది, చీటీ తప్పకుండా రాసిస్తాను. లాస్ట్ డౌట్, మోకాళ్లలో ఉన్నది స్కానర్‌కి దొరుకుతుందా? మంగళసూత్రం తియ్యాలా?

అత్తారింటి_లక్ష్మి:

మోకాళ్లది చర్మం లోపల ఉంటుంది కాబట్టి మిల్లీమీటర్ వేవ్ గదిలో మామూలుగా పట్టదు, తలుపులాంటి మెటల్ డిటెక్టర్‌లో మాత్రం కూత పెడుతుంది, కాబట్టి ఆవిడకి స్కానర్ గదే నయం. మంగళసూత్రం తియ్యక్కర్లేదు, డబ్బా చూపిస్తే ఆడ ఆఫీసర్ ఆ ఒక్కచోటే తడిమి చూస్తుంది. మా అత్తగారికి నేను తేలిక చీర కట్టి, పిన్నీసులు తగ్గించి, కొప్పు బదులు జడ వేసి పంపాను, ఆగకుండా వచ్చేసింది. వీల్‌చైర్ కూడా టికెట్‌తోనే బుక్ చెయ్యండి, దాన్ని తోసే మనిషి చెకింగ్ అయ్యేదాకా పక్కనే ఉంటారు.

చికాగో_చిన్నోడు:

ఇప్పుడే అమ్మతో మాట్లాడాను. జడ వేసుకుంటానంది. చీటీ తెలుగులో కూడా ఒకటి రాయమంది, అందులో ఏముందో తనకీ తెలియాలట.