కాలేజీలో చేరే మాజీ సైనికుడికి ఇంకో మాజీ సైనికుడు తోడుండాలా?

రిటైర్డ్ హవల్దార్, కరీంనగర్:
17 ఏళ్ళు ఆర్మీలో చేసి వచ్చాను. ఇప్పుడు బ్యాంకులో గార్డుని. ఆదివారం క్లాసులకి వెళ్తూ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. మా సెంటర్లో ఆరుగురం మాజీ సైనికులం చేరాం. మొదటి సెమిస్టరు అయ్యేసరికి ముగ్గురు మానేశారు. తెలివి లేక కాదు. ఇన్నేళ్ళ తర్వాత మూడు గంటలు ఆపకుండా రాయాలంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. నేనైతే పది మార్కుల ప్రశ్నకి నాలుగు లైన్లు రాసి వచ్చాను. యూనిట్లో రిపోర్టు అలాగే రాసేవాళ్ళం. పై తరగతిలో ఉన్న ఒక రిటైర్డ్ నాయక్ అన్న నన్ను కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టి రాయించాడు. ఆయన లేకపోతే నేను నాలుగోవాణ్ణి అయ్యేవాణ్ణి.

ఆర్మీలో ప్రతి జవానుకీ ఒక బడ్డీ ఉంటాడు. కాలేజీలో కూడా అలా జత చెయ్యాలని నా అభిప్రాయం. మా లెక్చరర్ గారు మాత్రం వద్దంటున్నారు. మీరేమంటారు?

డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, వరంగల్:
మీ లెక్చరర్ గారి మాటే నాదీ. మాజీ సైనికులందరూ ఒక బెంచీకి చేరితే పోస్టింగుల కబుర్లే నడుస్తాయి. నా క్లాసులో ఒక సుబేదార్ గారు పంతొమ్మిదేళ్ళ కుర్రాడి పక్కన కూర్చునేవారు. ఆ అబ్బాయి ఆయనకి ఎక్సెల్ నేర్పాడు. ఆయన అతన్ని రోజూ తెల్లవారుజామున గ్రౌండుకి తీసుకెళ్ళి కానిస్టేబుల్ పరీక్షకి పరుగు నేర్పించారు. వేరుగా పెట్టి ఉంటే ఇద్దరూ నష్టపోయేవారు.

మాజీ ఎయిర్‌మన్, విశాఖపట్నం:
నాదొక ప్రశ్న. పదో తరగతి పాసై 15 ఏళ్ళ సర్వీసు ఉంటే, కేంద్రంలో డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టులకి మనల్ని అర్హులుగానే చూస్తారు కదా. ఇంత శ్రమ దేనికి?

రిటైర్డ్ హవల్దార్, కరీంనగర్:
ఆ అర్హతతో అప్లికేషన్ పెట్టగలం అన్నా. చదువు రాదు. మా పాప లెక్కల పుస్తకం తెచ్చి అడిగినప్పుడు నాకు తెలిసొచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మిచిగాన్:
ఇక్కడ అమెరికాలో మాజీ సైనికుల చదువుకి సాయం చేసే కొత్త జీఐ బిల్ అనే చట్టం 2009 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. పూర్తి అర్హత ఉన్నవాళ్ళకి ప్రభుత్వ కాలేజీల్లో 36 నెలల దాకా ఫీజు కడుతుంది. ఫీజు సమస్య తీరినా, చాలామందికి క్యాంపస్‌లో ఒంటరితనం తీరలేదు. అందుకే మిచిగాన్ యూనివర్సిటీ వాళ్ళు పేవ్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. అప్పటికే చదువుతున్న మాజీ సైనికుడికి శిక్షణ ఇచ్చి, కొత్తవాళ్ళకి తోడుగా పెడతారు. నాకు నచ్చింది ఏమిటంటే, కొత్తవాడు వచ్చి అడిగేదాకా ఆగరు, వీళ్ళే ముందు పలకరిస్తారు. మనసు బాగాలేదనిపిస్తే కౌన్సెలర్ దగ్గరికి పంపిస్తారు.

రిటైర్డ్ హవల్దార్, కరీంనగర్:
నేను చెప్పలేకపోయింది ఇదే. మానేసిన ముగ్గురిలో ఒక్కరు కూడా ఎవరినీ ఏమీ అడగలేదు. "నాకు రావడం లేదు" అని పద్దెనిమిదేళ్ళ పిల్లల ముందు అనాలంటే పది మందికి కమాండ్ ఇచ్చిన మనిషికి గొంతు పెగలదు. నాతో అయితే అనేవారేమో. నేను కూడా ఆ నెల నా పరీక్షల టెన్షన్‌లో పడి ఫోన్ చెయ్యలేదు. ఆ బాధ నాకుంది.

అగ్నివీర్ తండ్రి, విజయనగరం:
పెన్షన్ ఉన్నవాళ్ళ సంగతి వేరండీ. 2022లో వచ్చిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ళు కాగానే 25 శాతం దాకా మాత్రమే ఉంచుకుంటారు. మిగిలినవాళ్ళకి సుమారు 11.71 లక్షల సేవానిధి ఇస్తారు, పెన్షన్ లేదు. ఇగ్నో డిగ్రీలో సగం క్రెడిట్లు సర్వీసు శిక్షణకే ఇస్తారట, ఆ మిగతా సగం చదవాల్సిందేగా. మావాడు ఇరవై రెండేళ్ళకి బయటికొస్తే, తోటివాళ్ళు అప్పటికే డిగ్రీ ముగించి ఉంటారు. వాణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, వరంగల్:
అడగలేకపోవడం గురించి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే తోడు మొదటి సెమిస్టరు వరకే ఉండాలి, క్లాసులో మాత్రం పిల్లల మధ్యే కూర్చోవాలి.

రిటైర్డ్ హవల్దార్, కరీంనగర్:
దానికి నేను సరే మేడం. విజయనగరం అన్నగారూ, మీవాడు వచ్చే ముందు నాకిక్కడ మెసేజ్ పెట్టండి. మానేసిన ముగ్గురి నంబర్లు నా దగ్గరున్నాయి. ఈ ఆదివారం క్లాసు అవగానే మొదటి ఫోన్ వాళ్ళకే చేస్తాను.