అప్‌డేట్: ఉల్లి వేరు స్లైడులో సమవిభజన దశలు కనిపించాయి

ఉల్లి వేరుతో సమవిభజన (ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా విడిపోవడం) స్లైడు ఎన్నిసార్లు చేసినా పొడవాటి కణాలే తప్ప క్రోమోజోములు కనబడటం లేదని గత నెల ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మా అధ్యాపకురాలు పక్కన నిలబడి చూసి అసలు లోపాన్ని పట్టుకున్నారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేశాక మెత్తబడిన వేరును నేను పట్టకారుతో కొన దగ్గరే పట్టుకోవడం వల్ల, కణాలు విభజన చెందే ఆ చివరి 2 మిల్లీమీటర్లు నలిగి ఊడిపోయేవి. స్లైడు మీదికి చేరింది దాని పైన ఉండే, కణాలు విభజన ఆపి పొడవుగా సాగే భాగం. అసిటోకార్మిన్ అనే రంగులో ముదురు ఎరుపెక్కిన కొనను మాత్రమే ఉంచి మిగిలినది కోసేయమని ఇక్కడ ఒకరు చెప్పిన సూచనే చివరికి పనిచేసింది. ఈసారి వేరును పైభాగంలో పట్టుకుని, కవర్‌స్లిప్ (స్లైడును కప్పే పలుచని గాజు ముక్క) మీద అద్దుడు కాగితం వేసి, పక్కకు జరగకుండా బొటనవేలితో నిటారుగా నొక్కాను. చతురస్రాకారపు చిన్న కణాల మధ్య ఒకదానిలో క్రోమోజోములు నడుమ వరుసకట్టి, పక్కదానిలో రెండు ధ్రువాల వైపు విడిపోతూ కనిపించినప్పుడు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఉల్లికి ఉండే 16 క్రోమోజోములను విడివిడిగా లెక్కపెట్టడం మాత్రం ఇంకా సాధ్యపడలేదు.

కొత్త రంగు గానీ, వేరే మైక్రోస్కోపు గానీ అవసరం పడలేదు. పాత సీసాలోని రంగే సరిపోయింది.