పాత స్ప్లెండర్: పెట్రోల్ కారుతోంది, క్లచ్ జారుతోంది. ముందు ఏది చూడాలి? (బైక్ ఫోరంలో ఒకరి ప్రశ్న, ముగ్గురి జవాబులు. ఒక్కో పోస్టు పైన ఉన్నది రాసినవారి మారుపేరు.)

పాతబండి
1999 మోడల్ హీరో హోండా స్ప్లెండర్. రెండు తంటాలు.

రాత్రి బండి నిలబెడితే పొద్దున్నే కార్బొరేటర్ కింద నేల మీద పెట్రోల్ మరక ఉండేది. వారం నుంచి మరక లేదు. కానీ వాసన అలాగే ఉంది, ట్యాంకులో పెట్రోలూ తగ్గుతోంది.

రెండోది క్లచ్. నాలుగో గేర్లో ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ గీ పెడుతుంది తప్ప బండి లాగదు. కేబుల్ బిగిస్తే తగ్గకపోగా ఇంకా పెరిగింది. పోయిన నెల ఆయిల్ తక్కువగా ఉందని ఇంట్లో మిగిలిన కారు ఆయిల్ పావు లీటరు పోశాను. క్లచ్ ప్లేట్లు మార్చాలంటున్నారు. నిజంగా అవసరమా?

టాపెట్ సౌండ్
ప్లేట్ల సంగతి తర్వాత. ముందు కాక్ (ట్యాంకు కింద పెట్రోల్ ఆపే మీట) ఆఫ్ చేయండి, బండి స్టార్ట్ చేయకండి. మరక మాయమైందంటే లీకు ఆగిందని కాదు, దారి మార్చుకుందేమో చూడాలి.

ఈ ఇంజన్ పడుకుని ఉంటుంది, కార్బొరేటర్ దాని పైన. కార్బొరేటర్ అడుగు గిన్నె బౌల్. అందులో తేలే ఫ్లోట్ పైకి లేచి నీడిల్‌తో పెట్రోల్ దారి మూస్తుంది. ఆ ఫ్లోట్ నీడిల్ సరిగ్గా మూసుకోకపోతే బౌల్ నిండిపోయి, ఎక్కువైంది ఓవర్‌ఫ్లో పైపులోంచి నేల మీద పడుతుంది. ఆ పైపు మూతి మట్టితో పూడితే పెట్రోల్ ఇన్‌లెట్ దారిన ఇంజన్లోకి దిగుతుంది. ఇన్‌లెట్ వాల్వ్ తెరిచి ఉన్న చోట ఇంజన్ ఆగిందా, సిలిండర్లోకి, అక్కణ్ణుంచి రింగుల పక్కగా ఆయిల్లోకి.

మెయిన్ స్టాండ్ వేసి డిప్ స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీయండి. తుడిచి, మర తిప్పకుండా ఊరికే దించి చూడాలి. ఆయిల్ పై గీత దాటి ఉన్నా, నీళ్ళలా జారుతున్నా, పెట్రోల్ వాసన కొట్టినా ఇంక అనుమానం లేదు. ఆ ఆయిల్‌తో నడిపితే ముందు పోయేది క్లచ్ కాదు, పిస్టనూ బేరింగులూ.

పాతబండి
చూశాను. పై గీతకి వేలెడు పైన ఉంది, పెట్రోల్ కంపు. ఓవర్‌ఫ్లో పైపు చివర కందిరీగ మట్టి గూడు కట్టింది!

ఫ్లోట్ పిన్
దొరికింది కదా. ఇక వరసగా వెళ్ళండి. బ్యాటరీ వైరు తీసేయండి, ఇంజన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు.

మొదట కాక్. ఆఫ్‌లో పెట్టి, కార్బొరేటర్ వైపు పైపు పీకి, సీసాలో పెట్టి పదిహేను నిమిషాలు వదలండి. పైపులో మిగిలింది కారిపోయాక ఒక్క చుక్క పడినా కాక్ లోపలి రబ్బరు అయిపోయినట్టే. కాక్ మంచిదైనా ఓవర్‌ఫ్లో ఆగదు, ఎందుకంటే రాత్రి దాన్ని ఎవరూ ఆఫ్ చేయరు!

తర్వాత కార్బొరేటర్ దించి బౌల్ విప్పండి. పిన్ను లాగి ఫ్లోట్, నీడిల్ బయటికి తీయండి. నీడిల్ మొన మీద చుట్టూ గోటికి తగిలే గాడి ఉంటే మార్చడమే, రుద్ది సరిచేసే వస్తువు కాదది. మొన బాగుంటే అది కూర్చునే సీటులో తుప్పు రేణువు ఇరుక్కుని ఉంటుంది. అలాంటప్పుడు ట్యాంకు అడుగు కూడా చూడాలి. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపండి, లోపల పెట్రోల్ కదిలితే అది తేలదు. బౌల్లో నిలబడే సన్నని ఇత్తడి ఓవర్‌ఫ్లో గొట్టం మొదట్లో చీలినా ఇదే లక్షణం. చాలామంది దాన్ని చూడకుండానే నీడిల్ కొంటారు.

బిగించే ముందు పరీక్ష: కార్బొరేటర్ తలకిందులుగా పట్టుకుని పెట్రోల్ వచ్చే ముక్కుకి శుభ్రమైన పైపు తగిలించి నోటితో ఊదండి. ఫ్లోట్ బరువుకే గాలి ఆగాలి. నిటారుగా తిప్పితే గాలి పోవాలి. ఈ రెండూ జరిగితేనే బండికి ఎక్కించండి.

బౌల్ ఓ-రింగ్ ఉబ్బి గాడిలో కూర్చోకపోతే మళ్ళీ దూర్చకండి, కొత్తది వేయండి. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి ఆ కాలపు రబ్బర్లు ఉబ్బుతాయి, పైపులు గట్టిపడి చీలతాయి. చవగ్గా వస్తాయని కొనే పారదర్శకం ప్లాస్టిక్ పైపులు కొన్నాళ్ళకే కర్రలా బిగుస్తాయి. ఇథనాల్ తట్టుకునే రబ్బరు పైపు, రెండు చివరలా క్లిప్పులు, అంతే.

హాఫ్ క్లచ్
పెట్రోల్ కలిసినంత మాత్రాన క్లచ్ జారుతుందని నేననను. మీ ప్రశ్నలోనే ఇంకో రెండు కారణాలు ఉన్నాయి.

కేబుల్ బిగిస్తే పెరిగిందన్నారు. పెరగాలి మరి! జారే క్లచ్‌కి కేబుల్ వదులు చేయాలి. బిగిస్తే లివర్ వదిలినా ప్లేట్లు పూర్తిగా అదుముకోవు, రోజంతా హాఫ్ క్లచ్‌లో నడిపినట్టే. పై అడ్జస్టర్ పూర్తిగా లోపలికి తిప్పేసి, కింద ఇంజన్ దగ్గరి నట్లతో ప్లే పెట్టి, చివర్లో పైన సరిచూసుకోండి. లివర్ కొస దగ్గర స్కేలుతో కొలిస్తే 10 నుంచి 20 మి.మీ. ఖాళీగా కదలాలి. ఇంజన్ వేడెక్కాక మళ్ళీ కొలవండి.

రెండోది కారు ఆయిల్. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి. కారు ఆయిళ్ళలో చాలావాటిలో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, క్లచ్‌కి కావలసిందేమో రాపిడి. డబ్బా మీద జాసో ఎమ్‌ఏ (ఆయిల్లో మునిగే క్లచ్‌కి పనికొస్తుందనే గుర్తు) అని ఉందో లేదో చూసి 10డబ్ల్యూ30 చిక్కదనం ఆయిల్ కొనండి. పాతదంతా దించండి. 900 మి.లీ. డబ్బా ఒక్కసారిగా ఒంపేయకండి. 700 పోసి, రెండు నిమిషాలు నడిపి, ఆపి కాసేపాగి డిప్ స్టిక్ చూసి మిగతాది కలపండి. 200 కిలోమీటర్లకి ఈ ఆయిల్ కూడా మార్చేయండి. పెట్రోల్, కారు ఆయిల్ అవశేషాలు ఒక్కసారికి పోవు.

ఆ తర్వాత పరీక్ష. ఇంజన్ వేడిగా ఉండగా నాలుగో గేరు, 30 వేగం, ఒక్కసారిగా పూర్తి యాక్సిలరేటర్. ఈ బండికి ఆర్‌పీఎమ్ మీటర్ లేదు కాబట్టి చెవే కొలత. శబ్దంతో పాటు వేగం పెరిగితే ప్లేట్ల డబ్బు జేబులోనే ఉంచుకోండి. శబ్దం ముందు పరిగెడితే అప్పుడు కుడి కవరు విప్పండి.

టాపెట్ సౌండ్
విప్పితే ప్లేట్లతో పాటు స్ప్రింగులు కూడా సెట్‌గా మార్చడం మేలు. కొత్త ప్లేట్లు రాత్రంతా ఇంజన్ ఆయిల్లో నాననివ్వండి. ఉక్కు ప్లేట్లు నీలంగా మాడి ఉన్నా, గాజు పలక మీద పెడితే ఊగినా పారేయండి. ప్లేట్లు కూర్చునే గిన్నె, అంటే హౌసింగ్, దాని వేళ్ళ మీద ప్లేట్లు తిని మెట్లు పడ్డాయేమో వేలితో తడమండి. మెట్లు ఉంటే ప్లేట్లు విడిపోవడం కష్టం, న్యూట్రల్ పడదు. సన్నటి ఆకురాయితో కాస్త సాపు చేయొచ్చు, లోతైతే హౌసింగ్ మార్చాలి. బోల్టులు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. కవరు ప్యాకింగ్ కొత్తది వేయండి, పాతదానికి గమ్ము పూసి తిరిగి పెట్టకండి.

ఓవర్‌ఫ్లో పైపు చివర కందిరీగ రాకుండా సన్న జాలీ కడదామనుకోకండి, అది ఇంకా త్వరగా పూడుతుంది.