రావులపాలెం వెళ్లడానికి హైవేనా, కాలువ గట్టా?

గోదారిగాలి: రాజమండ్రి నుంచి వెళ్లేవాళ్లు జొన్నాడ మీదుగా లారీల మధ్య టెన్షన్ పడకండి. ధవళేశ్వరం బ్యారేజీ మీంచి బొబ్బర్లంక దిగి, ఆత్రేయపురం, లొల్ల మీదుగా కాలువ గట్టున రండి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొబ్బరిచెట్లు. ప్రాణం లేచొస్తుంది.

తణుకు బండి: శనివారం మాత్రం వద్దు. వాడపల్లి గుడికి జనం.

నైట్ డ్యూటీ: నేను చచ్చినా రాను. రెండేళ్ల క్రితం దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు రాత్రి బైక్ మీద వస్తుంటే సగం రోడ్డు ధాన్యం రాశే. పైన నల్ల బరకం పట్టా, చుట్టూ రాళ్లు. రాయి ఎక్కి పడ్డాను, మణికట్టు విరిగింది. రోడ్డు బళ్లకా, ధాన్యానికా?

సార్వా రైతు: మరి ఎక్కడ ఆరబెట్టమంటారండి? తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో పేచీ. మిషను కోసిన గింజ పచ్చిగా ఉంటుంది. పూర్వం కుప్పలోనే ఆరేది. కళ్లాలన్నీ ఇళ్ల స్థలాలైపోయాయి.

నైట్ డ్యూటీ: నేనడిగింది రాళ్ల గురించి.

లంక కుర్రాడు: రాళ్లు లేకపోతే బరకం ఎగిరిపోద్దండి.

గోదారిగాలి: అసలు ఈ కాలువలు రాకపోకలకు కూడా తవ్వినవే. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక వీటిలో పడవలు తిరిగేవి, పడవలు దాటేందుకు నీటిమట్టం పెంచి దించే లాకులు కట్టింది అందుకే. గట్టున నడుస్తూ పడవల్ని తాళ్లతో లాగేవారు. దారి అందరిదీ.

సార్వా రైతు: చరిత్ర నాకెందుకండి! మీరు గాలి కోసం వస్తారు, మేం ఇక్కడే బతుకుతాం. మొన్న సంక్రాంతికి మా నాన్నగారు గేదెను తోలుకొస్తుంటే వెనకాల కారు హారన్. పక్కకి జరిగితే కాలువే. గేదె బెదిరి లాగేసింది, ఆయన నీళ్లలోకి జారిపోయారు. తూటికాడలు పట్టుకుని పైకొచ్చారు. ఆయనకి 76 ఏళ్లు. స్పీడ్ బ్రేకర్ కోసం రెండు అర్జీలు పెట్టాం, దిక్కులేదు. చెప్పేస్తున్నాను, మా ఊళ్లో రాశులు ఆరడానికే పోయడం లేదు. రాశి ఉన్నన్నాళ్లే కార్లు నెమ్మదిగా వెళ్తాయి.

నైట్ డ్యూటీ: అంటే కావాలనే పోస్తున్నారన్నమాట! మీ నాన్నగారిని పడేసింది కారు, నన్ను పడేసింది మీరు.

గోదారిగాలి: పెద్దాయన ఇప్పుడెలా ఉన్నారు?

సార్వా రైతు: నడుస్తున్నారు. గట్టు మీదకి మాత్రం పంపట్లేదు.

నైట్ డ్యూటీ: మంచిది. రాత్రిళ్లు రాశి చివర ఓ ఎర్రలైటన్నా పెట్టండి. నా ఎడమ చెయ్యి ఇప్పటికీ క్లచ్ సరిగా పట్టదు.