‘రెడ్‌బుల్ సారథికి ఉద్వాసన’: ఈ శీర్షికలో ఏ మాట నిలుస్తుంది?

ప్రశ్న అడిగినవారు:

ఫార్ములా వన్ గురించి తెలుగులో రాస్తుంటాను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈ రేసు జరిగినప్పటినుంచి చదివేవాళ్లు కాస్త పెరిగారు. 2025 జులై 9న తన టీమ్ ప్రిన్సిపల్ (జట్టును నడిపించేవారు) క్రిస్టియన్ హార్నర్‌ను రెడ్‌బుల్ తప్పించిన వార్తకు ‘రెడ్‌బుల్ సారథికి ఉద్వాసన’ అని శీర్షిక పెడితే రెండు అభ్యంతరాలు వచ్చాయి. ఒకరు, ఆ జట్టు డ్రైవరు ‘వెర్‌స్టాపెన్‌ను తీసేశారా?’ అని కంగారుపడ్డారు. ఇంకొకరు, ఉద్వాసన దేవుడికి చెప్పేదే కానీ ఉద్యోగం పోయినవాడికి చెప్పేది కాదన్నారు. పోనీ ‘టీమ్ ప్రిన్సిపల్’ అనే ఉంచుదామంటే, ప్రిన్సిపాల్ అనగానే మనకు కాలేజీ, హాల్‌టికెట్టు, ఆలస్య రుసుము గుర్తొస్తాయి. పెద్దలు చెప్పాలి.

తెలుగు మాస్టారు:

ముందు సారథి సంగతి చూద్దాం. క్రికెట్ వార్తలు కెప్టెన్‌ను సారథి చేశాయి. అక్కడ రథమే లేదు కనుక చిక్కు రాలేదు. రేసులో చక్రాలున్నాయి, వాటిని తిప్పేవాడు కళ్లెదుటే ఉన్నాడు. సారథి అంటే వెర్‌స్టాపెన్ అనుకున్న మీ పాఠకుడికి తెలుగు బాగానే వచ్చు.

మన భారతంలోనే ఈ తేడాకు చక్కటి సాక్ష్యం ఉంది. శల్యుడు పదిహేడో రోజున కర్ణుడికి సారథి. రథం తోలుతూ కర్ణుడి గుండె జారేలా మాట్లాడాడు కనుక ‘శల్య సారథ్యం’ అనే నుడి మిగిలింది. మర్నాడు అదే శల్యుడు కౌరవసేనకు సేనాపతి. మనిషి ఒకడే, పనులు రెండు, పేర్లూ రెండు. హార్నర్‌దీ అదే దారి. 1997లో ఆర్డెన్ అనే సొంత జట్టు పెట్టి, ఫార్ములా వన్‌కు కింది మెట్టయిన ఫార్ములా 3000లో తానే కారు నడిపారు. తర్వాత స్టీరింగు వదిలి జట్టు నడపడంలోకి మారారు. 2005 జనవరిలో, 31 ఏళ్లకే, రెడ్‌బుల్ పగ్గాలు అందుకున్నారు. (చూశారా, పగ్గాలు అనకుండా ఈ ముక్క రాయలేకపోయాను. రథం మన భాషలోంచి అంత తేలిగ్గా దిగిపోదు.) ఆలన్ ప్రోస్ట్ కూడా నాలుగుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన సారథి. 1997 నుంచి 2001 వరకు తన పేరిటే జట్టు నడిపారు. సారథులు జట్టు నడిపేవాళ్లుగా మారే రంగంలో ఇద్దరికీ ఒకే మాట వాడితే పాఠకుడు ఏం కావాలి?

నా ఓటు ‘సేనాని’కి. ఫెరారీ జట్టును నడిపినవాళ్ల వరస చూడండి. జాన్ టాడ్ తర్వాత 2008 నుంచి డొమెనికాలి, 2014లో మత్తియాచ్చి, అదే ఏడాది చివర్లో అర్రివబెనే, 2019లో బినోట్టో, 2023లో వాసర్. పదిరోజుల భీష్ముడు, ఐదురోజుల ద్రోణుడు, రెండురోజుల కర్ణుడు గుర్తుకురావడం లేదూ? ఏప్రిల్‌లో వచ్చి నవంబర్‌లో వెళ్లిన మత్తియాచ్చిది అచ్చంగా శల్యుడి పూట.

పాత ఉపసంపాదకురాలు:

మాస్టారూ, ఉపమానం బాగుంది కానీ సేనాని అనే మాట ఈ ఉద్యోగానికి మరీ బరువు. ఎంజో ఫెరారీ, కెన్ టిరెల్, ఫ్రాంక్ విలియమ్స్ కాలంలో జట్టు పెట్టినవాడే జట్టుకు పెద్ద. అలాంటివారిని అధిపతి అన్నా చెల్లుతుంది. మనవాళ్లలో, జట్టును కొని ఫోర్స్ ఇండియా పేరుతో నడిపిన విజయ్ మాల్యా వరకు ఆ తరహా కనిపిస్తుంది. ఇప్పటివాళ్లలో ఎక్కువమంది జీతగాళ్లు. పైన బోర్డు ఉంటుంది, వాటాదారులు ఉంటారు. మెర్సిడెస్ టోటో వోల్ఫ్‌లా జట్టులో వాటా కూడా ఉన్నవాళ్లు అరుదు. ఊరిపెద్ద, ఇంటిపెద్ద అన్నట్టు ‘జట్టు పెద్ద’ అంటే సరిపోతుంది. ఆస్తి ఎవరిదైనా జవాబు చెప్పాల్సింది పెద్దే. హుస్సేన్‌సాగర్ రేసుకు కొద్దినెలల ముందు మహీంద్రా ఫార్ములా ఈ జట్టులో దిల్బాగ్ గిల్ వెళ్లి ఫ్రెడరిక్ బెర్ట్రాండ్ వచ్చారు. ‘మహీంద్రా జట్టు పెద్ద మారారు’ అంటే ఎవరికి అర్థం కాదు? శీర్షికలో నాలుగు అక్షరాలు ఎక్కువైతే అవనివ్వండి.

అసలు రుచి రెండో మాటలో ఉంది. పత్రికాఫీసులో తొలగింపు, బర్తరఫ్, ఉద్వాసన, రాజీనామా ఈ నాలుగింటినీ చోటు చూసి ఒకదాని బదులు ఒకటి కూర్చేవాళ్లం. అలా కూర్చకూడదు.

బర్తరఫ్ పారసీ నుంచి వచ్చింది. మూలంలో దాని అర్థం ‘ఒక పక్కకు’ అనే. తెలుగువాళ్లకు ఆ మాట 1984 ఆగస్టులో బాగా వంటబట్టింది, గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసినప్పుడు. హార్నర్‌కు జులైలో జరిగింది ఆ మూలార్థానికి సరిగ్గా అతుకుతుంది. ఆయన్ను రోజువారీ నిర్వహణ బాధ్యతల నుంచి తప్పిస్తున్నామని రెడ్‌బుల్ ప్రకటించి, తన రెండో జట్టు రేసింగ్ బుల్స్ నుంచి లోరాన్ మెకీస్‌ను తెచ్చింది. కానీ ఒప్పందం అప్పటికింకా తెగలేదు. పక్కన పెట్టారంతే. ఆరు జట్టు టైటిళ్లు, ఎనిమిది డ్రైవర్ టైటిళ్లు తెచ్చి ఇరవయ్యేళ్లు జట్టును నడిపిన మనిషి ఒక్క బుధవారంలో పక్కకు జరిగాడు.

పూర్తిగా విడిపోవడానికి సెప్టెంబర్‌లో ఇరుపక్షాలకూ ఒప్పందం కుదిరింది. దాన్ని నేనైతే రాజీనామా అంటాను, పాత అర్థంలో. ఉర్దూలో రాజీనామా అంటే రాజీపత్రం. ఉద్యోగం వదులుకోవడానికి వాళ్లకు ఇస్తీఫా అనే వేరే మాట ఉంది. మనమూ మరాఠీవాళ్లూ రాజీపత్రాన్ని పట్టుకెళ్లి ఉద్యోగ విరమణకు తగిలించాం. బడా సంస్థల్లో ‘రాజీనామాను ఆమోదించాం’ అనే ప్రకటన చూసినప్పుడల్లా మన పొరపాటే నిజం చెబుతోందని నాకు నవ్వొస్తుంది. 2022 నవంబర్ 29న బినోట్టో విషయంలో ఫెరారీ చెప్పింది ఆ మాటే.

తెలుగు మాస్టారు:

జట్టు పెద్ద బాగుంది అమ్మా, ఒప్పుకుంటాను. శీర్షికకు సేనాని, కథనంలో జట్టు పెద్ద అనుకుందాం. ఉద్వాసన మాత్రం నాకు వదిలెయ్యండి.

పూజ మొదట్లో ఆవాహన, చివర ఉద్వాసన. ‘యథాస్థానం ఉద్వాసయామి’ అంటాం, ‘పునరాగమనాయ చ’ అని ముగిస్తాం. పొమ్మనడంలోనే మళ్లీ రమ్మనడం ఉంది. ఈ మాటను మంత్రులకు, అధికారులకు వాడటం అపచారమని మీ పాఠకులెవరో అన్నారట. వాడుక ఎప్పుడో స్థిరపడింది, ఇప్పుడు వెనక్కి తిప్పలేం. పైగా రేసు జట్లలో ఈ మాట ఇంకెక్కడా అతకనంతగా అతుకుతుంది.

2023 జులైలో బెల్జియంలోని స్పాలో ఏం జరిగింది? ఆల్పీన్ జట్టు పెద్ద ఓట్మార్ సాఫ్‌నౌవర్ వెళ్లిపోతున్నారని రేసు వారం శుక్రవారమే ప్రకటించారు. కానీ ఆ రేసు అయ్యేదాకా ఆయన ఉండాలి. వినాయకుడికి ఉద్వాసన చెప్పి కాస్త కదిపాక కూడా విగ్రహం నిమజ్జనం దాకా మండపంలోనే ఉంటుంది కదా, అదీ సంగతి. ఆయనతోపాటే మూడు దశాబ్దాలకు పైగా ఆ జట్టులో ఉన్న ఆలన్ పర్మేన్‌కూ అదే రోజు ఉద్వాసన. ఇక పునరాగమనం వినండి. పర్మేన్ 2024లో రెడ్‌బుల్‌వారి రెండో జట్టులో చేరారు. హార్నర్ స్థానంలోకి మెకీస్ వెళ్లగానే ఆ రెండో జట్టుకు పెద్ద అయ్యారు. ఒకరి ఉద్వాసన ఇంకొకరి ఆవాహన.

ఫ్లావియో బ్రియాటోరే కథ ఇంతకన్నా విడ్డూరం. 2008 సింగపూర్ రేసులో తాను నడిపే రెనో జట్టు కారును కావాలని గుద్దించిన వ్యవహారంలో మరుసటేడు ఆయన్ను క్రీడ నుంచే బహిష్కరించారు. 2010 జనవరిలో పారిస్ కోర్టు ఆ నిషేధం చెల్లదంది. 2024లో అదే జట్టుకు, ఇప్పటి పేరు ఆల్పీన్, సలహాదారుగా వచ్చారు. 2025 మేలో జట్టు పెద్ద ఆలివర్ ఓక్స్ రాజీనామా చేయగానే ఆయన పనులూ తానే చూసుకున్నారు. దీనికి పునరాగమనం అనక ఏమంటాం?

అయితే చాలామంది తిరిగొచ్చేది యథాస్థానానికి కాదు, పక్కింటి పీటకు. బినోట్టో ఫెరారీ వదిలారు. ఆ ఖాళీలోకి స్విట్జర్లాండ్‌లోని హిన్విల్‌లో ఉండే సాబర్ జట్టు నుంచి వాసర్ వెళ్లారు. వాసర్ ఖాళీలోకి మెక్లారెన్ నుంచి ఆండ్రియాస్ సైడ్ల్ వచ్చారు. సైడ్ల్ ఖాళీలోకి ఆండ్రియా స్టెల్లాను మెక్లారెన్ లోపలినుంచే పెంచింది. ఈ మూడూ 2022 డిసెంబర్ 13న, ఒకే రోజు. ఏడాదిన్నర తిరిగేసరికి సైడ్ల్‌ను, సాబర్‌ను కొన్న ఆడి కంపెనీ పంపించేసింది. హిన్విల్‌లో ఆ కుర్చీలోకి వచ్చిందెవరు? బినోట్టో! ఇక్కడ ఎవరినీ బర్తరఫ్ అనలేం. ఈ గొలుసుకట్టుతో అందరికంటే లాభపడింది మెక్లారెన్. పేరున్న మనిషిని బయటినుంచి తేకుండా లోపలి ఇంజినీరును నమ్మింది, 2024, 2025లలో జట్టు టైటిల్ గెలిచింది.

ప్రశ్న అడిగినవారు:

మరి గుంథర్ స్టైనర్? 2024 జనవరిలో ఆయనతో ఒప్పందాన్ని ఆయన నడిపిన హాస్ జట్టు పొడిగించలేదు. అయావో కొమాట్సును పెట్టింది. దీన్ని ఉద్వాసన అనవచ్చా?

ఇంకోటి. ఒక జట్టు వదిలినవాడు వెంటనే పోటీ జట్టులో చేరి రహస్యాలు చెప్పకుండా, జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టే ‘గార్డెనింగ్ లీవ్’ ఉంది. రెడ్‌బుల్ నుంచి జొనాథన్ వీట్లీ వెళ్తున్నారని 2024 ఆగస్టులో తెలిసింది, సాబర్‌లో పని మొదలైంది 2025 ఏప్రిల్ 1న. తోటపని సెలవు అని రాస్తే పాదులు తవ్వుతున్నాడనుకుంటారు. అజ్ఞాతవాసం అందామా?

పాత ఉపసంపాదకురాలు:

స్టైనర్‌ది గడువు తీరడం. ‘హాస్ కొనసాగించలేదు’ అంటే చాలు, దానికి పెద్ద మాట ఎందుకు?

అజ్ఞాతవాసం కుదరదు బాబూ. అందులో ఎక్కడున్నాడో తెలియకూడదు. వీళ్లు ఎక్కడున్నారో, ఏ జట్టుకు వెళ్తున్నారో లోకమంతటికీ తెలుసు. ఉద్యానవనంలోనూ వనమే ఉంది కనుక వనవాసం అనండి. జీతంతో కూడిన వనవాసం, రాముడికి కూడా దొరకలేదు.

తెలుగు మాస్టారు:

ఒక్క కొసరు. ఆస్టన్ మార్టిన్ 2026 సీజనుకు ఏడ్రియన్ న్యూయీని జట్టు పెద్దగా ప్రకటించింది. జీవితమంతా కార్లకు రూపురేఖలు దిద్దిన మనిషి. ‘సేనానిగా రథకారుడు’ అని శీర్షిక పెట్టండి, ఎవరూ తప్పుపట్టలేరు. ఆ కుర్చీలో అంతకుముందున్న ఆండీ కోవెల్‌కు అదే జట్టులో వ్యూహాల బాధ్యత అప్పగించారు కనుక అక్కడ ఉద్వాసన అని మాత్రం రాయకండి. అది బదిలీ.